మీకు తెలుసా? మసి పుట్టిల్లు చెప్పే కార్బన్-14
గాలిలో పీఎం 2.5 (సూక్ష్మ ధూళికణాలు) ఎంతుందో తూచి చెబితే చాలదు. అందులోని మసి కట్టెలదా, డీజిల్‌దా అన్నది తేలాలి. కట్టె కాలితే పొటాషియం వెలువడుతుంది కాబట్టి దాన్ని గుర్తుగా పట్టుకోవచ్చు. అది మట్టి దుమ్ములోనూ ఉంటుందన్న అభ్యంతరం సబబే. అందుకే సెల్యులోజ్ కాలినప్పుడు పుట్టే లెవోగ్లూకోసాన్ అనే రసాయనం కోసం గాలిలోని మసిని పట్టిన ఫిల్టర్ ముక్కను పరీక్షిస్తారు. అదీ గాలిలో క్షీణిస్తుందంటారా? నిజమే, కానీ రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14తో ఆ చిక్కు లేదు. దాని అర్ధాయువు సుమారు 5,730 ఏళ్లు. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో, చమురులో అది మిగలదు; నిన్నమొన్నటి కట్టెలో, పిడకలో ఉంటుంది. పుణె దగ్గరి సింహగఢ్‌లోనూ మాల్దీవుల్లోనూ చలికాలంలో పట్టిన మసిని ఇలా పరీక్షిస్తే, సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కట్టెలు, పంట వ్యర్థాల వంటివి కాల్చడం వల్లేనని 2009 నాటి అధ్యయనం తేల్చింది. తప్పంతా వాహనాలదేననడం ఇక కుదరదు. అయితే ఆ పొగ పొయ్యిదా, పొలందా అన్నది మాత్రం కార్బన్-14 చెప్పజాలదు. దానికి మళ్లీ మిగతా రసాయన గుర్తులనే ఆశ్రయించాలి.