వంకాయ కారెక్కుతారా?

ఎత్తుమడమల చెప్పులు వేసుకుని నాలుగడుగులు వేయడమే కష్టం. అలాంటిది ఆ చెప్పులోనే కూర్చుని స్టీరింగ్ తిప్పుకుంటూ వెళ్లిపోతే? హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ ఉండటం మామూలే. ఆ బ్యాగుకీ, లిప్‌స్టిక్‌కీ కూడా చక్రాలుంటే?

పిల్లల కార్టూన్ కథ చెబుతున్నామనుకునేరు! హైదరాబాద్ పాతబస్తీలో, జూపార్కుకు దగ్గర్లోని బహదూర్‌పురాలో ఇవన్నీ నిజంగానే ఉన్నాయి. 2010లో ప్రారంభమైన సుధా కార్స్ మ్యూజియం అది. వీటిని చేసింది కె. సుధాకర్ యాదవ్. పేరున్న ఫ్యాక్టరీల నుంచి వచ్చిన సరుకు కాదు. చాలావరకు తుక్కే. పాత బండ్ల ఇంజన్లు, గొట్టాలు, రేకులు, ఎవరో వద్దనుకున్న చక్రాలు. బడిలో చదువుకునే రోజుల్లోనే ఆయనకీ పిచ్చి పట్టుకుందట.

క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్, బర్గర్, కెమెరా, కంప్యూటర్, పట్టెమంచం... ఆఖరికి బాత్రూంలో ఉండే కమోడ్ కూడా కారయింది. చూసి నవ్వనివాళ్లుండరు. ఉత్తి బొమ్మలైతే ఇంత గొప్పేముంది? ఇవి నడుస్తాయి. ఏ బండి ఎప్పుడు చేశారో, ఎన్నాళ్లు పట్టిందో, ఎంత వేగంతో పోతుందో పక్కనే బోర్డు మీద రాసి ఉంటుంది. సిగరెట్ ఆకారంలో చేసిన బండి పొగ తాగొద్దని చెప్పడానికి. ఎయిడ్స్ గురించి చెప్పడానికీ ఒక బండి చేశారాయన. హ్యాండ్‌బ్యాగూ, చెప్పూ, లిప్‌స్టిక్కూ మహిళా దినోత్సవం కోసం చేసినవి.

ఇక్కడో చిన్న చురక వేయకుండా ఉండలేం. ఆడవాళ్ల వస్తువులంటే మగవాళ్లకు లిప్‌స్టిక్కూ, హైహీల్సే ఎందుకు గుర్తొస్తాయో! రోజుకు పదిసార్లు మన చేతిలో పడేది ప్రెషర్ కుక్కరు కదా. ఆ విజిల్ హారన్‌గా పెడితే ట్రాఫిక్ దానంతటదే తప్పుకునేది. నన్నడిగితే అక్కడి బండ్లన్నిట్లో వంకాయ కారుకే మొదటి మార్కు. ముచ్చిక సహా ముచ్చటగా ఉంటుంది.

ఆకారాలు సరే, ఆయన కొలతల్లోనూ తక్కువ తినలేదు. 2005 జూలై 1న హైదరాబాద్‌లో ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిల్ ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ బుక్‌కెక్కింది. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. అంటే ఇంచుమించు నాలుగంతస్తుల మేడంత! చక్రం ఒక్కటే 17 అడుగులు.

ఈ పనికి బజారు కూడా కలిసొచ్చే ఊరు మనది. పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్ ఉంది. జుమేరాత్ అంటే గురువారం. పాత ఇనప సామాన్ల గుట్టల్లో ఏది దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. మనం ఇంట్లో విరిగిన సైకిల్‌ని కిలోల లెక్కన పాతసామాన్ల బండికి తూచేస్తాం. వాళ్లు దాన్ని విప్పి చక్రం చక్రంగా, చైను చైనుగా అమ్ముతారు. కరగబోయడానికి వెళ్లినా ఇనుము పాడవదు, మళ్లీ మళ్లీ పనికొస్తుంది. కాకపోతే దాన్ని కరిగించాలంటే పదిహేను వందల డిగ్రీల వేడి కావాలి. ఉన్న చక్రాన్ని ఉన్నట్టే వాడుకుంటే ఆ కొలిమి ఖర్చు తప్పినట్టేగా!

ఇంతకీ తుక్కు కారెలా అవుతుంది? ముందు గొట్టాలతో అస్థిపంజరం కట్టి వెల్డింగ్ చేస్తారు. దానికి ఇంజను, చక్రాలు, బ్రేకులు బిగిస్తారు. ఆ తర్వాతే ఒంపులు. రేకును సుత్తితో కొట్టి కొట్టి గుండ్రం తేవాలి. వంకాయ నిగనిగలాడటానికి అసలు కష్టం ఇక్కడే. కొట్టిన చోట గుంటలు పడతాయి, వాటికి పుట్టీ పెట్టి ఉప్పుకాగితంతో రుద్దాలి. రెడ్ ఆక్సైడ్ పూత పడ్డాకే రంగు. ఈ పూత మానేస్తే లోపలి నుంచి తుప్పు మళ్లీ బయటికొస్తుంది. మన ఇంటి కిటికీ ఊచలకైనా ఇదే సూత్రం.

మన ఊళ్లోనే కాదు, తెనాలిలోనూ ఇలాంటి ఇనప ముచ్చట ఉంది. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు అతికించి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. నట్లతో గాంధీగారిని కూడా చేశారు.

ఇదంతా చదివి మీ చేతులూ దురదపెడుతున్నాయా? కారు సంగతి తర్వాత. సైకిల్ రిమ్ములో అద్దం బిగిస్తే గోడకు అందం. పాత చైనును చుట్టగా చుట్టి అతికిస్తే వేడి గిన్నె దించుకోవడానికి చుట్టకుదురు. కిరసనాయిలులో నానబెట్టి జిడ్డు వదిలించి, తీగల బ్రష్‌తో రుద్ది వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లండి. అయితే కొన్ని సంగతులు గట్టిగా గుర్తుంచుకోవాలి. పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనిపించినా వెల్డింగ్‌కి ఇవ్వొద్దు. లోపల మిగిలిన ఆవిరికి పేలిపోతుంది. పాత బకెట్లకుండే జింకు పూత కాలితే వచ్చే పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. వంటింటి స్టీలు గిన్నెలకు మామూలు వెల్డింగ్ కడ్డీ పనికిరాదు, స్టీలు కడ్డీ వేరే ఉంటుంది. ఏ లోహమో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. మామూలు ఇనుముకు టక్కున అతుక్కుంటుంది, మన గిన్నెల్లో చాలావాటికి అంటుకోదు. ఇక పిల్లల్ని వెల్డింగ్ షాపు ముందు నిలబడి చూడనివ్వకండి. ఆ వెలుగు చూస్తే అప్పటికేమీ కాదు, రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట.

"ఈ నిప్పుల పని ఆడపిల్లలకెందుకు" అనే అత్తయ్యలూ, బాబాయిలూ ప్రతి ఇంట్లో ఉంటారు. మరి చార్మినార్ పక్కన లాడ్‌బజార్ లక్క గాజుల సంగతేమిటి? లక్క నిప్పుల సెగ మీదే మెత్తబడాలి. ఎక్కువ కాగితే మాడుతుంది, తక్కువైతే రాయి కూర్చోదు. ఆ గాజులకు రాళ్లు పొదిగేది చాలావరకు పాతబస్తీ ఇళ్లలో ఆడవాళ్లే. ఆ నేర్పు ఉన్న చేతికి వెల్డింగ్ కడ్డీ బరువా?

ఐటీఐల్లో వెల్డర్ కోర్సు ఏడాదే. ఎనిమిదో తరగతి పాసైతే చాలు. పదో తరగతి గట్టెక్కని అమ్మాయిని కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టే ముందు ఒకసారి ఈ కాగితం కూడా తన ముందు పెట్టండి. ఏది నచ్చుతుందో తననే చెప్పనివ్వండి.

ఈసారి సెలవులకు పిల్లల్ని జూపార్కుకు తీసుకెళ్తే బహదూర్‌పురాలో దిగి ఓ గంట ఈ కార్లు కూడా చూపించండి. కొడుకుతోపాటు కూతుర్నీ చక్రాల దగ్గర వంగి చూడమనండి. ఇంజను ఎక్కడ దాచారో వెతకడం పెద్దవాళ్లకూ సరదాయే!