తప్పును తానే దిద్దుకొనే వార్త

తంతి వార్తల రోజుల్లో ఒక్క అక్షరం తారుమారై, శుభవార్త కాస్తా అశుభమై, ఇంటిల్లిపాదీ గొల్లుమన్న ఉదంతాలు పెద్దలు చెప్పగా వినే ఉంటారు. పోస్టాఫీసుకు పరుగెత్తి మళ్ళీ అడిగిస్తే నిజం తేలేది. కాని వార్త పంపేది కోట్ల మైళ్ళ దూరాన అంగారకుని చుట్టూ తిరుగుతున్న నౌక అయితే? మాటిమాటికీ మళ్ళీ చెప్పమని అడగడం జరిగే పనేనా? వార్తే తన తప్పును దిద్దుకోగలిగి ఉండాలి.

ఈ విద్యకు ఆద్యుడు రిచర్డ్ హామింగ్ అనే అమెరికన్ గణితవేత్త. 1940ల చివర ఆయన పనిచేసిన బెల్ లేబరేటరీలో లెక్కలు కట్టే యంత్రం ఒకటి ఉండేది. శని, ఆదివారాల్లో దాని దగ్గర మనుషులుండరు. తప్పు దొర్లితే యంత్రం పసిగట్టేది; పసిగట్టి, ఆ లెక్కను అంతటితో వదిలి తరువాతిది అందుకొనేది. వరుసగా రెండు వారాలు హామింగుగారి లెక్కలకు ఇదే గతి పట్టింది. ఆయనకు ఒళ్ళు మండింది. తప్పుందని తెలుసుకొన్న యంత్రం, ఎక్కడుందో తెలుసుకొని దిద్దుకోలేదా అని ఆలోచించారు. 1950లో అచ్చయిన వ్యాసంలో జవాబు కూడా ఆయనే చెప్పారు.

యంత్రాల భాషకు రెండే అక్షరాలు: సున్న, ఒకటి. దారిలో ఒకటి సున్న అయితే అదే తప్పు. దిద్దే కిటుకు ఇంట్లోనే చూడవచ్చు. అష్టాచెమ్మాకు అరగదీసిన చింతపిక్కలు పదహారు తీసుకోండి. తొమ్మిదింటిని ఇష్టం వచ్చినట్లు మూడు వరుసల్లో పేర్చండి. ఇది వార్త. ఇప్పుడు ప్రతి అడ్డువరుస చివర, ప్రతి నిలువువరుస కింద, మూలన కూడా ఒక్కొక్క పిక్క చేర్చండి. ఏ వరుసలోనైనా తెల్లవి సరిసంఖ్యలో ఉండాలి. ఈ ఏడూ కాపలా పిక్కలు. మీరు కళ్ళు మూసుకోండి. అబ్బాయిని ఒక పిక్క తిప్పమనండి. ఒక అడ్డువరుసలో, ఒక నిలువువరుసలో తెల్లవి బేసి అవుతాయి. ఆ రెండూ కలిసినచోట దొంగ దొరుకుతాడు! రెండు పిక్కలు తిప్పితే మాత్రం తప్పుందని తెలుస్తుంది గాని, ఎక్కడో తేలదు. హామింగుగారు ఇంతకంటె పొదుపుగా, నాలుగు గుర్తులకు మూడే కాపలా గుర్తులతో పని నడిపించారు.

1971 నవంబరు 14న మారినర్ 9 అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. మరొక గ్రహాన్ని చుట్టిన మొదటి నౌక అదే. అప్పుడు గ్రహమంతా దుమ్ము తుఫాను! అది అణగేదాకా ఆగి, అది పంపిన ఫోటోలు ఏడువేలకు పైగానే. ఆరేసి గుర్తులను 32 గుర్తులుగా పెంచి పంపడం వల్ల, 32లో ఏ ఏడు చెడినా అసలు సంగతి భద్రంగా అందింది. అక్కడి మహా అగ్నిపర్వతాలను మనకు చూపింది ఆ ఫోటోలే.

1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు మరింత గట్టి పద్ధతి చెప్పారు. 1982లో బజారుకెక్కిన పాటల సీడీ, చిన్న చిన్న గీతలు పడినా పాడింది దాని చలవే. కూరల బండికి అతికించిన క్యూఆర్ గళ్ళ చీటీలోనూ అదే ఉంది. అన్నిటికంటె గట్టి కాపలా ఉన్న రకంలో సుమారు 30 శాతం చెడినా ఫోను చదువుకోగలదు.

ఈసారి నూనె మరక పడ్డ చీటీకి సొమ్ము చెల్లించినప్పుడు, అందులో నిశ్శబ్దంగా పనిచేసే ఆ కాపలావాళ్ళను ఒక్కసారి తలచుకోండి.