లీడర్‌కు రెసిన్ ఒళ్ళు

1949లో ఇంగ్లండులోని బ్రైటన్ కర్మాగారం నుంచి బయటికొచ్చిన ఒక ఇంజనును చూసి, అది ఆవిరి బండి అని పోల్చుకోవడం కష్టం. బాయిలరు కనపడదు, పొగగొట్టం పైకి పొడుచుకురాదు. రెండు కొసలా డ్రైవరు గదులు, నడుమ ఫైర్‌మన్‌కు ఇంకో గది, చుట్టూ చదునైన రేకు గోడలు. ఆలివర్ బుల్లీడ్ రూపొందించిన ఈ ‘లీడర్’ తరగతిలో పూర్తయి పట్టాలెక్కింది 36001 ఒక్కటే. ఫైర్‌మన్ గదిలో భరించలేని వేడి, యంత్రభాగాల్లో ఒకదాని వెనక ఒకటిగా తంటాలు. 1951లో దాన్ని తుక్కు చేసేశారు.

నమూనా రైళ్ళ లోకంలో ఇలాంటి అరుదైన ఇంజన్లకే రెసిన్ పోత భాగాల కిట్లు ప్రాణం పోస్తాయి. ప్లాస్టిక్ నమూనాకు కావలసిన ఉక్కు అచ్చు ఖర్చు తిరిగి రావాలంటే వేలకొద్దీ నమూనాలు అమ్ముడవాలి. సిలికాన్ రబ్బరు అచ్చును చిన్న గదిలో బల్ల మీదే తయారు చేసుకోవచ్చు. కొన్ని పదుల పోతలకే అది చిరిగిపోతుంది. కొనేవాళ్ళూ తక్కువమందే కాబట్టి లెక్క సరిపోతుంది. లీడర్ కూడా రెసిన్ కిట్‌గా వచ్చింది.

అచ్చులో పోసేది రెండు ద్రవాల మిశ్రమం: పాలియాల్, ఐసోసయనేట్. కలిపిన కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి, గట్టిపడి పాలీయురేథేన్ అవుతుంది. గాలిలో తేమ తగిలితే ఐసోసయనేట్ నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పోతలో కనిపించే బుడగలకు, సూదిరంధ్రాలకు ఇదొక కారణం. ఆ రంధ్రాలను లప్పంతో పూడుస్తారు. అంతకన్నా ముందు భాగాలను సబ్బునీళ్ళతో కడిగి తీరాలి. అచ్చుకు పూసిన జిడ్డు మిగిలితే రంగు నిలవదు.

లీడర్ లాంటి పొడవాటి చదును గోడలు వంకరపోవడం మామూలే. బాగా వేడి నీళ్ళలో ఉంచితే రెసిన్ మెత్తబడుతుంది. అప్పుడు అద్దం పలక మీద అదిమి చల్లారనిస్తే తిన్నగా నిలుస్తుంది. ప్లాస్టిక్ కిట్ల జిగురు మాత్రం ఇక్కడ పనికిరాదు. అది పాలీస్టైరీన్‌ను కరిగించి అతుకుతుంది. అణువులు అడ్డంగా కూడా ముడిపడిన పాలీయురేథేన్ దానికి కరగదు. సూపర్‌గ్లూ, ఎపాక్సీలే దిక్కు. రుద్దేటప్పుడు తడి వాటర్ పేపరు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని.

అసలు మెరుగులు కొలతల దగ్గర మొదలవుతాయి. బ్రిటిష్ ఓఓ కొలతలో నిజమైన అడుగుకు నమూనాలో 4 మిల్లీమీటర్లు. 1 మి.మీ. మందమున్న గది గోడ నిజంలో 76 మి.మీ. మందమైనట్టు! రేకు గోడకు అది మరీ ఎక్కువ. అందుకే కిటికీల అంచులను లోపలివైపు నుంచి ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తారు. చూపు పడేది అంచు మీదే కనుక గోడంతా పలచనైనట్టు కనిపిస్తుంది. గోడతోపాటే పోతపోసిన చేతికడ్డీలను చెక్కేసి 0.45 మి.మీ. ఇత్తడి తీగ అమరిస్తే అది నిజం కొలతలో సుమారు 34 మి.మీ. కడ్డీ. ఈ ఒక్క మార్పుతోనే నమూనా రూపురేఖలు మారిపోతాయి.

ఇక బరువు. నిజమైన లీడర్‌లో బాయిలరును ఒక పక్కకు జరిపి రెండో పక్క నడవా పెట్టడంతో తూకం తప్పింది. నడవాలో బరువులు నింపి సరిచేయాల్సి వచ్చింది. నమూనాకూ బరువు కావాలి, కారణం మాత్రం వేరు. రెసిన్ సాంద్రత నీటికన్నా కాస్తే ఎక్కువ. చక్రాల మీద భారం లేకపోతే పట్టు దొరక్క అవి ఉన్నచోటే తిరుగుతాయి. నీటికి 11 రెట్లు బరువున్న సీసాన్ని మోటారు ఉన్న చక్రాల చట్రం (బోగీ) పైన అమరుస్తారు. సీసపు గుళ్ళను వడ్రంగుల తెల్ల జిగురుతో అంటిస్తే ముప్పే. అందులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని తినేసి లవణాలుగా మారుస్తుంది. అవి ఉబ్బి కొన్నేళ్ళకు ఇంజను ఒంటినే పగలగొడతాయి. ఎపాక్సీ వాడితే ఆ బెడద ఉండదు.

రంగు చివరి పని. 36001కి వేసింది బూడిద రంగు, దాని మీద ఎరుపు, నలుపు గీతలు. చేత్తో గీస్తే ఆ సన్నదనం రావడం కష్టం గనుక చాలామంది ముందే అచ్చేసిన గీతల ట్రాన్స్‌ఫర్లు అతికిస్తారు.