బాకీపడిన ఛాయాచిత్రం

మొన్న మార్చి నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు సంగారెడ్డిలోని మా ఇంటికి వచ్చాడు. తండ్రి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కార్మికుడు. కొడుకు జర్మనీలో పైచదువు చదువుతున్నాడు. సంచిలో నుండి మిఠాయి పొట్లం తీస్తాడనుకొంటే, ఒక పాత ఫిల్ము కెమెరానూ, అట్టపెట్టె నిండా ఛాయాచిత్రాలనూ తీశాడు. క్రిందటి వేసవిలో జర్మనీ నుండి పోలెండు మీదుగా లిథువేనియా దాకా, దారిన పోయే వాహనాలను ఆపి, ఎక్కించుకొన్నవారి దయమీద పోయి వచ్చాడట.

"రైలుకు డబ్బులు లేకనా?" అన్నాను.

"డబ్బు సంగతి కాదు సార్. మనుషుల్ని చూద్దామని" అన్నాడు.

మన వైపు దీనిని లిఫ్టు అడగడమంటాము. సాయంకాలం షిఫ్టు వదిలిన వేళ పటాన్‌చెరు చౌరస్తాలో నిలబడితే చేతులెత్తి లారీలను ఆపే జనం ఈనాటికీ కనుపిస్తారు. ఐరోపాలో అదే ఒక విద్య. జర్మనీ మహారహదారులపై పాదచారి నిలబడరాదు. ఊరి పేరును పెద్ద అక్షరాలతో అట్టముక్కపై వ్రాసికొని పెట్రోలు బంకు దగ్గరనో, బండ్లు ఆగే విశ్రాంతిస్థలంలోనో కాచుకోవాలి. బొటనవ్రేలు చాచడం అక్కడ అభ్యర్థన. ఇరాను దేశంలో అదే వ్రేలు ఎత్తడం తిట్టు. బాటసారికి వ్రేళ్ల వ్యాకరణం కూడా రావాలన్నమాట!

పోలెండులో మరీ విచిత్రం. కమ్యూనిస్టు పాలనలో, 1950ల చివర, ఇటువంటి ప్రయాణానికి ఒక అధికారిక పద్ధతినే ఏర్పరచారు. యువకులు చిన్న పుస్తకమొకటి కొనుక్కొనేవారు. దానిలో కిలోమీటర్ల లెక్కన కూపన్లుండేవి. ఎక్కించుకొన్న డ్రైవరుకు దూరాన్నిబట్టి కూపన్లు చించి ఇస్తే, వాటిని పోగుచేసిన డ్రైవర్లకు బహుమతులు దక్కే అవకాశముండేది. 1990లలో ఆ పద్ధతి అంతరించింది. మావాణ్ణి ఎక్కించుకొన్న ముసలాయన యౌవనంలో ఆ పుస్తకం పట్టుకొని తిరిగినవాడేనట. ఇంటికి తీసుకొనిపోయి, బీటుదుంపల చారు పోసి, రాత్రికి పడక ఇచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు.

అందరూ అటువంటివారేనా? కారు. ఒకచోట వానలో అయిదు గంటలు నిలబడ్డాడు. ఒక బండి లక్షణం నచ్చక ఎక్కకుండానే వదలుకొన్నాడు. ఆడపిల్ల ఒంటరిగా ఇలా పోగలదా అని మా ఆవిడ అడిగితే వాడు తల వంచుకొన్నాడు. ఇది పిల్లలందరూ చేయదగిన పని అని నేను చెప్పను.

అయినా, ఇచ్చేవారిని నమ్మి బయలుదేరినవారు మన దేశంలోనూ ఉన్నారు. 1962 జూన్‌లో సతీష్ కుమార్, ఇ.పి. మేనన్ అనే ఇద్దరు యువకులు అణ్వాయుధాలు వద్దని చెప్పడానికి ఢిల్లీలోని గాంధీ సమాధి నుండి మాస్కో, పారిస్, లండన్, వాషింగ్టన్ నగరాలకు కాలినడకన బయలుదేరారు. సముద్రాలను మాత్రం ఓడలలో దాటారు. చేత కాసు ఉంచుకోవద్దని వారికి చెప్పినవారు వినోబా. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన నూరు ఎకరాలతో భూదానానికి నాంది పలికిన వినోబాయే. పాకిస్తాన్ సరిహద్దులో స్నేహితులు దారిబత్తెం కట్టి ఇవ్వబోతే ఆ యువకులు తీసుకొనలేదట. అన్నపు మూట మోసుకొనిపోతే అవతలివారిని నమ్మనట్లే కదా అని వారి తర్కం. నల్లసముద్రతీరాన తేయాకు కర్మాగారం దగ్గర ఒక స్త్రీ వారికి నాలుగు తేయాకు పొట్లాలిచ్చి, నాలుగు అణ్వస్త్రరాజ్యాల అధిపతులకు అందజేయమన్నది. చేతిలో ఏమీ లేనివారు గనుకనే ఆ పొట్లాలు వారి చేతికి వచ్చాయి కాబోలు.

మళ్లీ కెమెరా సంగతి. సినిమా ఫిల్మునే చిన్న పెట్టెలో ఇమిడించి 1925లో లైకా కెమెరాను విపణికి తెచ్చినప్పటి నుండి ఛాయాచిత్రం బాటసారి జేబులోకి వచ్చింది. ఒక చుట్టకు ముప్పదియారు బొమ్మలు. ఫోనులో వేయి తీసి ఒకటీ చూడని కాలంలో ఈ ముప్పదియారు ఏమూలకని అడిగాను. "తక్కువ గనుకనే అడిగి తీస్తాం సార్. పేరు అడుగుతాం, అడ్రసు రాసుకుంటాం" అన్నాడు. తిరిగి వచ్చిన తరువాత పదకొండు బొమ్మలు అచ్చువేయించి పదకొండు ఇళ్లకూ టపాలో పంపాడట. ఒకటి మాత్రం తిరిగి వచ్చింది.

ఆ మాట విని నేను లేచి బీరువా దగ్గరకు పోయాను.

1992 వేసవి. నేను ఉస్మానియాలో ఎం.ఏ. విద్యార్థిని. పినతండ్రి కొడుకు కెమెరా అరువు తెచ్చుకొని, ఉదకమండలంలో తయారయ్యే ఇందు ఫిల్ము వేసుకొని (ఆ కర్మాగారం ఇప్పుడు మూతబడింది) పటాన్‌చెరులో బొంబాయి వైపు పోయే ఇనుప చువ్వల లారీ ఎక్కాను. అప్పట్లో అది 9వ నంబరు జాతీయ రహదారి, నేటి 65. సదాశివపేట దాటిన తరువాత టైరు పేలింది. స్టెప్నీ కూడా పనికిరానిదే. డ్రైవరుది అక్కడికి దగ్గర పల్లె. క్లీనరును లారీకి కాపలా పెట్టి నన్ను ఇంటికి తీసుకొనిపోయాడు. అతని తల్లి ఆ రాత్రివేళ పొయ్యి రాజేసి జొన్నరొట్టె చేసి, పుంటికూర పప్పు వేసింది. ఏ ప్రశ్నకైతే నేను దారి పొడుగునా జవాబు సిద్ధం చేసుకొన్నానో, ఆ ప్రశ్న, నా కులమేమిటన్నది, ఆమె అడుగనేలేదు. "బుక్కెడు తిను బిడ్డా, ఎప్పుడనంగ బయలెల్లినవో" అన్నది, అంతే.

తెల్లవారి వాకిట్లో ఆమె బొమ్మ తీశాను. అంతకుముందు ఎవరూ తీయలేదట. లోపలికి పోయి చీర మార్చుకొని వచ్చి, కోర్టులో సాక్షివలె బిగుసుకొని నిలబడ్డది. "నా ఫొటువ నాకు పంపుతవా?" అన్నది. పంపుతానన్నాను. డ్రైవరు ఫిల్ము డబ్బామీద చిరునామా వ్రాసి ఇచ్చాడు. షోలాపూరులో రెండవ చుట్ట ఎక్కిస్తూ ఆ ఖాళీ డబ్బాను నేనే పారవేశాను.

బొమ్మ చక్కగా వచ్చింది. అదే దుఃఖం. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేస్తూ ఊరూరి వివరాన్నీ, దిగిన చోటునూ వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ సంగతి ఏటా తరగతిలో చెబుతూ వచ్చినవాణ్ణి నేను. నాకు రొట్టె పెట్టిన ఊరిపేరు నాకు గుర్తులేదు.

"గుర్తులేమైనా ఉన్నాయా సార్?" అన్నాడు మావాడు. రోడ్డు దిగగానే ఒక చింతచెట్టు, దాని ప్రక్కన చిన్న దర్గా. అంతే.

మరునాడు ఇద్దరమూ బయలుదేరాము. రోడ్డు వెడల్పయింది, చింతచెట్లు చాలావరకు పోయాయి. నాలుగు చోట్ల దిగి అడిగాము. జహీరాబాదుకు ఇవతల ఒక టీహోటలులో బొమ్మ చేతులు మారింది. ఒక ఆటో నడిపే ఆయన దానిని వెలుతురుకు పట్టి చూసి, ఈ గదుమ ఎక్కడో చూసినట్టున్నదని అన్నాడు గాని, ఎక్కడో చెప్పలేకపోయాడు. మావాడు ముందురోజే రెండు ప్రతులు అచ్చువేయించి ఉంచాడు. ఒకదాని వెనుక నా పేరు, చిరునామా స్పష్టమైన అక్షరాలతో వ్రాసి హోటలాయనకు ఇచ్చాము. ఆయన దానిని క్యాలెండరు ప్రక్కన మేకుకు గుచ్చి, మాకు ఇంకో రెండు టీలు పోసి, డబ్బు తీసుకొనలేదు.