గది దాటించే సాయం

ఉస్మానియా క్యాంపస్‌లో నాన్‌బోర్డర్ అంటే ఎవరో కొత్తగా చెప్పనక్కర్లేదు. హాస్టల్ సీటు దొరకని స్నేహితుడికి తన గదిలో చోటిచ్చి, మెస్‌లో తన వంతు అన్నమే ఇంత పంచిపెట్టి, పోటీ పరీక్షలు అయ్యేదాకా నిలబెట్టినవాళ్లు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. మనం ఎప్పుడూ పుచ్చుకున్నవాడి మేలు గురించే మాట్లాడుకుంటాం. ఇచ్చినవాడి మనసుకు ఏం దక్కిందన్నదీ అడగవలసిన ప్రశ్నే.

కెనడాలో ఎలిజబెత్ డన్ బృందం ఒక క్యాంపస్‌లో కొందరికి పొద్దున్నే 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చు చేయమంది. సగంమంది తమకోసం, సగంమంది ఇతరుల కోసం. ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. డబ్బు ఎంతన్నది పెద్దగా లెక్కకు రాలేదు. 2008లో ‘సైన్స్’ పత్రిక దీన్ని ప్రచురించింది. తార్నాక చౌరస్తాలో తోటివాడికి ఇప్పించిన ఛాయ్ కూడా చిన్నదేమీ కాదు.

అయితే దిగులుతో ఉన్నవాడి సంగతేమిటి? నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ చేసిన అధ్యయనం. కుంగుబాటు, ఆందోళన లక్షణాలున్న 122 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు నలుగురితో కలిసే పనులు పెట్టుకుంది. ఇంకో జట్టు తన ప్రతికూల ఆలోచనలను రాసుకుని సరిచూసుకుంది. మూడో జట్టు వారంలో రెండు రోజులు, రోజుకు మూడు చొప్పున ఎవరికైనా సాయం చేసింది. అయిదు వారాల్లో మూడు జట్లకూ ఊరట కలిగింది. కానీ తోటివారితో అనుబంధం పెరిగిందన్న భావన సాయం చేసినవాళ్లలోనే స్పష్టంగా కనిపించింది. ఆ కాసేపు వాళ్ల ధ్యాస తమ బాధ మీద నుంచి మళ్లడం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు గమనించారు.

నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తూ తార్నాకలో అద్దెగదికి పరిమితమైన అభ్యర్థి, ‘ముందు నేను కుదుటపడాలి, తర్వాతే ఇంకొకరి సంగతి’ అనుకోవడం సహజం. ఆ వరుస తిరగేసినా ఫలితం ఉంటుందని ఈ అధ్యయనం చెబుతోంది. చూపులేని సహవిద్యార్థికి రోజూ ఓ గంట పాఠం చదివి వినిపించాలంటే గది తలుపు తీయాల్సిందే, చెప్పిన వేళకు వెళ్లాల్సిందే. ఫలానా పనికి ఫలానా మనిషి తన కోసం చూస్తున్నాడన్న సంగతి, ఎవరికీ అక్కర్లేనివాణ్ణన్న తలపును గట్టిగా ఎదుర్కొంటుంది.

మొహమాటానికి ఒప్పుకున్న సాయం ఇలా పనిచేయదు. అందరి బరువూ ఒక్కరే మోస్తే మనసు ఇంకా అలసిపోతుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ పోతున్నా వైద్యుణ్ణి కలవాలి. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ చేయడానికి జంకే స్నేహితుడి తరఫున ఆ నంబరు కలిపి, అతను మాట్లాడేదాకా పక్కన ఉండటం రూమ్మేట్ చేయగల పనే.