కొండవీటికి రెండు దర్వాజాలు, కణానికీ రెండు

కొండవీటి కోటకు కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా అని రెండు వాకిళ్లు. ఒకటి మూస్తే శత్రువు రెండోదానికి వెళతాడు. హెచ్ఐవికి మందు వెతికినవాళ్లకు ఎదురైన చిక్కూ ఇదే.

ఈ వైరస్ గురి మన రోగనిరోధక వ్యవస్థను నడిపించే సీడీ4 కణాల మీద. వైరస్ పైనున్న జీపీ120 ప్రోటీన్ ముందు కణం మీది సీడీ4ను పట్టుకుంటుంది. అంతమాత్రాన లోపలికి పోలేదు. పక్కనుండే రెండు ప్రోటీన్లలో ఒకటి, సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ, చేతికి దొరకాలి. అప్పుడు వైరస్ మీది మరో ప్రోటీన్ జీపీ41 కణపు పొరలో గుచ్చుకుని దారి తెరుస్తుంది.

సీసీఆర్5 లేకుండానే పుట్టేవాళ్లు ఉత్తర ఐరోపాలో నూటికి ఒకరుంటారు. వాళ్లకు హెచ్ఐవి సోకడం బాగా అరుదని 1996లో తేలింది. మిగతావాళ్లకు ఆ వాకిలి మందుతో మూయలేమా? 2007లో అమెరికాలో అనుమతి పొందిన మారావిరాక్ చేసేది ఆ పనే. అది వైరస్ జోలికి పోదు. సీసీఆర్5లో దూరి దాని ఆకారం మార్చేస్తుంది, వైరస్‌కు పట్టు చిక్కదు. సీఎక్స్‌సీఆర్4 గుండా వచ్చే రకానికి మాత్రం ఈ మందు దండగ. అందుకే వాడేముందు వైరస్ ఏ దారిన వస్తుందో పరీక్షించాలి. మన దేశంలో ఎక్కువగా కనిపించే సి రకం చాలావరకు సీసీఆర్5నే వాడుకుంటుంది. అయినా ఇక్కడ మొదట ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర. ఈ మూడూ వైరస్ లోపలికొచ్చాక అడ్డుపడేవే.

ఇప్పుడు కొండవీడు ఉన్న పల్నాడు జిల్లాకు ఈ జబ్బు కొత్త కాదు. కొండవీడు గుంటూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 2004-05లో, జిల్లాలో 12 వేల మందికి పైగా రక్తం పరీక్షించారు. 15 నుంచి 49 ఏళ్లవారిలో 1.72 శాతానికి హెచ్ఐవి ఉన్నట్టు లెక్క తేలింది. ఆసుపత్రులకొచ్చేవారిని బట్టి వేసిన సర్కారు అంచనాలో ఇది సగం కూడా లేదు. తక్కువే అని సంబరపడే అంకె మాత్రం కాదు.

ఇప్పుడందరి చూపూ హెచ్ఐవి సోకకుండా ముందే ఆపే లెనకాపవిర్ మందు మీద. వైరస్ జన్యుపదార్థం చుట్టూ ఉండే కాప్సిడ్ డొల్లకు అతుక్కుని, దాన్ని కణకేంద్రకానికి చేరనివ్వదు. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఇది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్ఐవి సోకలేదని 2024లో వెల్లడైంది. అమెరికాలో దీని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. హైదరాబాద్ కంపెనీలు హెటెరో, డాక్టర్ రెడ్డీస్ 2027 నుంచి పేద దేశాలకు ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామన్నాయి. నా దృష్టిలో మందు కనిపెట్టడం ఎంత గొప్పో ఇదీ అంతే.

అనుమానముంటే ఆగకండి. ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవి పరీక్షా ఉచితమే, హెచ్ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులూ ఉచితమే. సలహాకు 1097కు ఫోన్ చేయండి.