కుక్క, కోళ్లు ఉన్న ఇంట పిల్లికి బస

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మన పల్లెల్లో సామెతగా చెప్పుకుంటారు. అదే పిల్లిని మనిషి ఇల్లు మార్పించబోతే మాత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. వెళ్లే ఇంట్లో కుక్క, మరో పిల్లి, పిల్లల కోడి కూడా ఉంటే ఇక చెప్పేదేముంది?

ఈ చిక్కును మండలంలోని ఒక రైతు కుటుంబం రెండు నెలలుగా ఎదుర్కొంటున్నది. హైదరాబాదులో చదువుకుంటున్న ఈ ఇంటి అమ్మాయి సంక్రాంతికి వస్తూ బుట్టలో ఒక ఆడపిల్లిని తెచ్చింది. వయసు ఏడాది. వెనక కాలు విరిగి, కట్టు విప్పి ఎన్నాళ్లో కాలేదు. దిక్కులేని జంతువులను చేరదీసే కేంద్రం నుంచి ఉగాది వరకు సాకుతామని తీసుకున్న పిల్లి అది. హైదరాబాదులో సినీనటి అమల 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థల పేర్లు పాఠకులు వినే ఉంటారు. ఇలాంటి కేంద్రాల్లో గూళ్లు తక్కువ, వచ్చే ప్రాణులు ఎక్కువ. ఇరుకులో ఒకదాని రోగం మరొకదానికి అంటుకుంటుంది. అందుకే కోలుకుంటున్న వాటిని కొన్నాళ్లు ఇళ్లలో ఉంచే పద్ధతి వచ్చింది.

పిల్లి ఎదురైతేనే ప్రయాణం మానుకునే నాయనమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. తల్లి మాత్రం ఒక్కటే షరతు పెట్టింది. అప్పుడే పొదిగిన 11 కోడిపిల్లల్లో ఒక్కటి తగ్గినా పిల్లి మర్నాడే బస్సెక్కాలి. కోళ్ల మీద వచ్చే నాలుగు డబ్బులు ఆమె చేతిఖర్చు మరి!

ముందుగా పిల్లిని వడ్ల బస్తాల గదిలో పెట్టి తలుపు వేశారు. ఒక మూల ఇసుక పోసిన తట్ట, దానికి దూరంగా నీళ్లు, తిండి. రెండు వారాలు అంతే. ఇది చాదస్తం కాదని పశువైద్యాధికారి వివరించారు. కొత్త పిల్లి పైకి బాగానే కనిపించినా లోపల రోగం ఉండవచ్చు. పిల్లులకు వచ్చే పార్వో జాతి వైరస్ సోకితే జ్వరం, వాంతులు, విరేచనాలతో కూనలు రోజుల్లోనే చనిపోతాయి. ఆ వైరస్ నేలలో, గోనెల్లో నెలల తరబడి బతుకుతుంది. ఇంట్లోని పాత పిల్లికి టీకా వేయించకుండా కొత్తదాన్ని తేవడం దాని ప్రాణంతో చెలగాటమేనని ఆయన అన్నారు. కొత్తదానికి టీకాలు, కు.ని. ఆపరేషన్ కేంద్రంలోనే అయ్యాయి.

జంతువులు ముందు ముక్కుతో పలకరించుకుంటాయి, కళ్లతో తర్వాత. కొత్త పిల్లి పడుకున్న గుడ్డను పాత పిల్లి దగ్గర, కుక్క దగ్గర వేశారు. వాటి గుడ్డలు లోపల వేశారు. ఆ తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ ఒకే వేళకు తిండి పెట్టారు. అవతలి వాసన వచ్చినప్పుడల్లా కడుపు నిండుతుంటే పగ కొంత తగ్గుతుందట. మూడో వారంలో కుక్కను గొలుసుతో కట్టి తలుపు తీశారు. కుక్క మొరిగింది, పిల్లి ఒక్క దూకులో బస్తాల మీదికెక్కింది. కుంటి కాలుతోనే! ఎక్కేందుకు ఎత్తయిన చోటుంటే పిల్లి తిరగబడదు, పారిపోతుంది. పాత పిల్లి వారం దాకా బుసకొట్టింది. అలాంటప్పుడు కర్ర తీసుకోవద్దు, మధ్యలో చెయ్యి పెట్టవద్దు.

కోడిపిల్లల సంగతి వేరు. ఎంత మచ్చిక చేసినా పిల్లి పిల్లే. ఈ ఇంట్లో పగలు గంప కింద, రాత్రి జాలీ గూట్లో ఉంచి కాపాడారు. ఒకనాడు గంప ఎత్తిన సమయంలో పిల్లి పొంచితే తల్లికోడే రెక్కలు విప్పి మీదికి దూకింది. పిల్లి అటకెక్కి సాయంత్రం దాకా దిగలేదు.

మందుల విషయంలో తెలియక చేసే పనులు కొన్ని ఉన్నాయి. ఒళ్లు వెచ్చగా ఉందని మన పారాసెటమాల్ బిళ్ల వేస్తే పిల్లి చనిపోతుంది. గదిని ఫినాయిలుతో కడగరాదు. ఎలుకల మందు పెట్టిన ఇంట విషం తిన్న ఎలుకను పట్టి పిల్లీ పోతుంది. పాలు చాలా పెద్ద పిల్లులకు అరగవు. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చేప మేలు. ఇంట్లో ఎవరినైనా పిల్లి కరిచినా, రక్కినా సున్నం, పసుపు పూయక సబ్బుతో ధారగా పావుగంట కడిగి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. రేబిస్ పిల్లి వల్ల కూడా వస్తుంది.

ఉగాదికి గడువు తీరుతుంది. కోడిపిల్లలు 11 ఉన్నాయి. వడ్ల గదిలో కొరికిన బస్తా కనిపించడం లేదని, పిల్లిని ఉంచుకుందామని రైతు అంటున్నారు. నాయనమ్మ ఏమీ అనడం లేదు. ఇల్లాలు ఇంకా ఔననలేదు. పెరటిలో మరో కోడి పొదుగుకు కూర్చుంది.